ర్యాంపు మీద కాళ్లే ముందు

చేవెళ్లలో బయలుదేరిన బస్సు మొయినాబాద్ చేరకముందే ఒక స్టేజీలో ఆగింది. ఓ ముసలవ్వ దిగబోతుంటే కండక్టరూ, తలుపు దగ్గర నిలబడ్డ ఇద్దరు జబ్బల వీరులూ ఆమె చేతులు పట్టి లాగడం మొదలెట్టారు. మన దగ్గర సాయమంటే లాగడమే.

“రెక్క వట్టి గుంజకుండ్రి! గది అవ్వ రెక్కనా, కోడి రెక్కనా?”

నా పక్క సీటులోని ఆడమనిషి లేచింది. యాభై దాటి ఉంటాయి. అందరినీ తోసుకుని ముందు తాను దిగి, అవ్వకు ఎదురుగా నిలబడింది. “మెడ వట్టకు అవ్వా, భుజాలు వట్టు. తొందరేం లేదు, బస్సు మనదే.” అవ్వ కాలు నేలకు ఆనేదాకా బస్సు నిజంగానే ఆమెది.

పేరు సుక్కమ్మ. ఊరు షాబాద్ దగ్గర. ఒకప్పుడు టమాట గంపలు ఎత్తే కూలి. పదకొండేళ్లుగా మొయినాబాద్ దగ్గరి ఓ ప్రైవేటు దవాఖానలో ఆయమ్మ. రోగుల్ని మంచం మీంచి చక్రాల స్ట్రెచర్ బండి మీదికి మార్చి, కావలసిన చోటికి చేర్చడం ఆమె పని. “అడుగు కాయ నలగకుండ గంప దించినోళ్లకే ఈ పని వస్తది బాపు,” అంది. ఆ దవాఖానలో డిగ్రీలు గోడకు వేలాడతాయి, పని మాత్రం టమాటలు నేర్పినది.

కళ్లద్దాలు ఇంట్లో మరిచిందట, ఓ కాగితం నాకిచ్చి చదవమంది. ‘నా నిర్లక్ష్యం వల్ల రుక్మిణమ్మ గారు గాయపడ్డారు. క్షమించగలరు.’ కింద సంతకానికి ఖాళీ. ఇవ్వాళ పెట్టకపోతే నౌకరి లేదన్నారట.

“నీవల్లేనా?”

“దవాఖానల ర్యాంపు దిగేటప్పుడు కాళ్లే ముందుండాలె. తల మీదికి, తల కాడ నేను. మొహం చూస్కుంట నడవాలె. గా రుక్మిణమ్మను గట్లనే దించుతున్న. కొడుకు నాగేందర్ వచ్చి, ‘మా అమ్మ పీనుగా? కాళ్లు ముందు వెట్టి తీస్కవోతున్నవ్, తిప్పు’ అన్నడు. తిప్పనన్న. మేనేజర్ సుధాకర్ సార్ ఉరికొచ్చి తానే తిప్పిండు. పక్క కడ్డీ సుత లేపలే. తల కిందికాయె, అవ్వ జారె, సార్ చేతులకెల్లి బండి వోయి గోడకు గుద్దె. నెత్తికి నాలుగు కుట్లు.”

“అప్పుడు కొడుకేం చేస్తున్నాడు?”

“ఫోన్ల ఉండె. ‘అమ్మ మంచిగున్నది అన్నా’ అంటుండె.”

నాగేందర్ భూములున్నవాడు, వెంట పది మంది తిరిగే చోటా నాయకుడట. క్షతగాత్రుల్ని మోసేవాళ్లు అడుగులో అడుగు వేయకూడదని పాత సైనిక పుస్తకాల్లో చదివాను. అన్ని కాళ్లూ ఒక్కసారే పడితే స్ట్రెచర్ ఊగుతుందట. నాగేందర్ వెంట తిరిగేవాళ్లకు అడుగులో అడుగు తప్ప మరో నడక తెలియదు. పాడె మర్యాద మాత్రం పుట్టుకతోనే తెలుసు, బతికున్న తల్లిని ఎలా దించాలో తెలియకపోయినా.

“సంతకం పెడతావా?”

“పెట్టాలె బాపు. మా ఇంటాయనకు నడుము వడిపోయింది. నా జీతమే దిక్కు.”

నా స్టేజీ కాకపోయినా, ఆ కాగితం పట్టుకుని నేనూ ఆమె వెంటే దవాఖాన ముందు దిగాను. గేటు దగ్గర నా పెన్ను అడిగి తీసుకుంది. అద్దాల తలుపు పక్కన కొత్త బోర్డు: ‘రోగి భద్రతే మా ఊపిరి’. బోర్డుకు డబ్బులుంటాయి, బుర్రకే కొరత. దాని పక్కనే ర్యాంపు మీంచి ఒక స్ట్రెచర్ అంబులెన్స్ వైపు దిగుతోంది, తల ముందు. పైనున్న ముసలాయన రెండు చేతులతో అంచులు పట్టుకుని బిగుసుకుపోయాడు. బంధువుల పక్కన ఒకాయన చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. “గాయనే సుధాకర్ సార్,” అంది సుక్కమ్మ.

సుక్కమ్మ ఉరకలేదు. గబగబా నడిచి, ముసలాయన తల దగ్గర తన ఒళ్లు అడ్డం పెట్టి బండి ఆపింది. కడ్డీలు లేపింది. తోసేవాళ్లతో వెనక్కి తోయించి, చదునైన మలుపులో తిప్పించింది.

“సుక్కమ్మా, ముందుగాల సంతకం!” అన్నాడు సుధాకర్.

“తోవల నిలవడకు సార్, జరుగు.”

కాగితం నా చేతిలో ఉంది, పెన్ను ఆమె కొంగున ఉంది. ముసలాయన మొహం మీంచి చూపు తిప్పకుండా, కాళ్లు ముందుగా, ఆమె బండితో దిగి వెళ్లిపోయింది.