నడినెత్తిన ఆనవాలు

నిచ్చెన మీంచి పడ్డాక కత్తెర మామ తలకు తగిలిన గాయమైతే మానింది గానీ, మెదడులో ఏ దారం తెగిందో, మనుషుల మొహాలను పోల్చుకోవడం పోయింది. క్షవరం చేసే చెయ్యి మాత్రం ఇప్పటికీ వెంట్రుకవాసి తప్పదు. వచ్చినవాళ్లను వెనక్కి తిప్పి, నడినెత్తిన సుడి చూసి, "ఓహో, బావగారా! సుడి ఉన్నచోటే ఉంది, జుట్టే వలసపోయింది" అని నవ్విస్తాడు. భార్య రోజూ భోజనం తెచ్చి, కొప్పుముడి విప్పి, అతనికి వీపు తిప్పి కూర్చుంటుంది. "వచ్చావా" అనే ఆ ఒక్క మాట కోసం ఆమె ప్రాణం కొట్టుకుంటుంది. ఇవాళ అతను ఆ సుడిని వేలితో మళ్లీ మళ్లీ తడిమాడు. తర్వాత అద్దంలో ఆమె మొహంలోకి చూస్తూ, గొంతు తగ్గించి అడిగాడు: "ఇది మా ఆవిడ సుడి. నీ నెత్తి మీదికి ఎలా వచ్చిందమ్మా?"