పెడల్ మీద పసుపు

గిరిసోల దగ్గర రోడ్డు వారనున్న షెడ్డులో పాత జీపుల బ్రేకులు బాగుచేసేది కొండబాబు. బండిని పంపాలో వద్దో చెప్పేది మాత్రం అతని భార్య పుణ్యవతి. అతను చక్రం పక్కన వెల్లకిలా పడుకుని బ్రేకు గొట్టంలోని గాలిబుడగలు వదిలిస్తుంటే, ఆమె చెప్పులు కిందే విడిచి, పసుపు రాసుకున్న కుడికాలితో పెడల్ తొక్కిపట్టి కళ్లు మూసుకుంటుంది. పదహారేళ్లుగా ఆ షెడ్డుకి ఆ కాలే కొలబద్ద.

ఒకసారి పొలసర కంట్రాక్టరు మిలటరీ వేలంలో కొన్న జీపు తెచ్చాడు. మర్నాడు ఇంటిల్లిపాదితో తప్తపాణి ఘాటీ, ఆ కొండదారి ఎక్కాలి. వెనక స్పేరు చక్రాన్ని పట్టే బ్రాకెట్ విరిగితే కొండబాబు అతికించాడు, బ్రేకులూ అయ్యాయన్నాడు. పుణ్యవతి సీట్లోంచి దిగలేదు.

"తొక్కిపడితే కాలు మెల్లగా దిగిపోతంది. ఎక్కడో బ్రేకు ఆయిలు కారతంది. సెక్రాలన్నీ ఇప్పి సూడు."

"ఆడదాని కాలు ఏటి సెప్తాది?" అని కంట్రాక్టరు నవ్వాడు.

"నా పిల్లలెక్కే బండైతే దిగుదునేటి బాబూ? మీ పిల్లలైనా అంతే," అందామె, కాలు తీయకుండానే.

మూడు చక్రాలు బాగానే ఉన్నాయి. నాలుగోది విప్పితే డ్రమ్ము లోపలంతా ఆయిలు. అది బాగయ్యాక మళ్లీ తొక్కిపట్టి చూసి, అప్పుడు దిగింది పుణ్యవతి.

ఇప్పుడు ఆ చుట్టుపక్కల డ్రైవర్లు జీపు తీసేముందు కొండబాబుని ఏమీ అడగరు. వంగి, పెడల్ మీద పసుపు ఉందో లేదో చూసుకుంటారు. బండంతా తళతళలాడేలా తుడిచిచ్చే కొండబాబు, ఆ పెడల్ ఒక్కదానిమీద మాత్రం గుడ్డ పెట్టడు.