మా దొర, మా బాపు హవాయి చెప్పులు

సమస్త జనులకు తెలియజేయడమేమనగా, అరోరా అనే ఈ పరాయిదేశపు మంచు ఊళ్లోని మా అపార్ట్‌మెంట్ల లాండ్రీ గదిలో మూడో మిషన్ నేటి నుంచి తిరగదు. దాన్ని ఎక్కడ తన్నాలో తెలిసిన ఏకైక మనిషి, మా పక్కింటి దొర, మంగళవారం గుండె ఆగి పోయాడు.

దొర అని పేరు పెట్టింది నేనే. ఆయనది లెబనాన్. కొండవాలు నిండా యాపిల్ తోటలు, వాటి కింద కౌలుదార్లు, తాతల నాటి నుంచి ఇంట్లోనే ఉన్న శాసనసభ సీటు. అంతర్యుద్ధం వచ్చాక తన లోయ జనానికి తుపాకులిచ్చి, వాళ్ల ముందు తనే నడిచాడట. ఓడిపోయి, 1970ల చివర్లో ఇక్కడున్న కూతురి దగ్గరికి వచ్చేశాడు. అలాంటివాణ్ణి మా తెలంగాణలో ఏమంటారు? దొరే. ఆయన అర్థం అడిగితే మాత్రం ఫ్రెండ్ అని చెప్పాను. పదో తరగతి రెండుసార్లు తప్పినవాడి దగ్గర భాష నేర్చుకుంటే అంతే మరి.

మంచు మీద కారు నడపడం నాకు నేర్పింది ఆయనే. "జారితే బ్రేక్ తొక్కకు, జారేవైపే తిప్పు. నా రాజకీయమంతా అదే" అనేవాడు.

నాకేమో తెలుసుకోవాలని ఒకటే దురద. బట్టలు మడతపెడుతూ అడిగేవాణ్ణి.

"ఎమ్మెల్యేగిరీ ఎలా ఉంటుంది దొరా?"

"అందరి పెళ్లిళ్లలో తినడమే."

"మరి యుద్ధం?"

చొక్కా మడత సరిచేసి అన్నాడు: "ఓట్లకు ఇల్లిల్లూ తిరిగినవాడు తుపాకీ పట్టకూడదు. ఎటు పేల్చినా ఆ గోడ ఎవరిదో తెలిసిపోతుంది."

ఆ రోజు మిగిలిన బట్టలన్నీ నేనే మడతపెట్టాను.

పోయినేడు మా బాపు ఆరు నెలలుండడానికి వచ్చాడు. మా ఊళ్లో దొర గడీ ముందు నుంచి చెప్పులు చేతబట్టుకుని నడిచిన మనిషి. దొర ఎదుట కూర్చోవడమన్నది డెబ్బై ఏళ్లలో ఎరగడు. మా సోఫాలో కూర్చోవడానికే వారం పట్టింది. చలికి కార్పెట్ మీద కూడా హవాయి చెప్పులు తొడుక్కునేవాడు.

ఒక ఆదివారం పక్కింటాయన లోపలికొచ్చి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, నేను నేర్పిన తెలుగులో బాపుతో అన్నాడు: "నేను మీ దొర."

బాపు ఎగిరి లేచాడు. చెప్పులు విడిచి, రెండూ చేతబట్టుకుని నిలబడ్డాడు.

"బాంచెన్ దొరా, కాల్మొక్త."

నేను బాపు భుజం పట్టుకుని సోఫా వైపు లాగాను.

"కూసో బాపూ. ఆయన ఉత్త పక్కింటాయన."

"దొర నిలవడంగ నేనెట్ల కూసుంటరా? సిగ్గుండాలె నీకు."

"ఈ దొర వేరే."

"దొరలల్ల వేరే ఉంటరా? జనాన్ని గోస పెట్టిండా లేదా, అడుగు."

బాపు చేతిలోని చెప్పుల వంక చూసి దొర ఇంగ్లీషులో మెల్లగా ఏదో అన్నాడు. నేను తెలుగులో చెప్పాను: "పెట్టిండట. తప్పయింది, మన్నించమంటున్నడు."

బాపు ఒక చెప్పు కింద పెట్టాడు. కాసేపాగి, రెండోది. రెండూ తొడుక్కుని దొర ఎదురుగా కూర్చున్నాడు.

"నువ్వు గూడ కూసో దొరా" అన్నాడు.

ఆ చలికాలమంతా ఇద్దరూ ఒకరి మాట ఒకరికి తెలియకుండానే టీవీలో కుస్తీలు చూశారు. ఊరికి వెళ్లాక బాపు రాయించే ప్రతి ఉత్తరంలోనూ ఒక వాక్యం ఉంటుంది: "మన్నించమన్న దొర మంచిగున్నడా?"

ఇప్పుడు జవాబు రాయాలి. దొర పోయాడని రాస్తాను. మిగతాది రాయలేను, అందుకే మీకు చెబుతున్నాను. ఆ మన్నింపు మాట పూర్తిగా నా కల్పన. బాపు ప్రశ్న నేను అడగనే లేదు. దొర ఆ రోజు అన్నది ఇదీ: "ఆ చెప్పులు నన్ను కొట్టడానికేనా?"

నేను నోరు తెరిచేలోపే కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, మొహం కాస్త ముందుకు వంచి నిలబడ్డాడు.