పసుపు జెండా ముందు మల్లేశ్ మోకాలు

2022లో శామీర్‌పేట దగ్గర ఒక గో-కార్ట్ ట్రాకులో నేను ఫ్లాగ్ మార్షల్‌ని. అంటే మలుపులో నిలబడి డ్రైవర్లకు జెండాలు చూపేవాణ్ని. యెల్లో ఫ్లాగ్ ఊపితే ట్రాకు మీద మనుషులున్నారని అర్థం. వేగం తగ్గించాలి, ఎవర్నీ దాటకూడదు. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే సంగతే.

ఆ ఆదివారం పోటీలో మేడ్చల్‌లో వెంచర్లు వేసే ఇంటి కుర్రాడు శ్రీకర్, కొంపల్లి విల్లాల అభినవ్ మొదటి ల్యాప్ నుంచే పంతానికి పోయారు. నా మలుపులో ఇంకెవరిదో కార్ట్ గిర్రున తిరిగి ఆగిపోయింది. దాన్ని పక్కకు లాగడానికి నా తోటి మార్షల్ మల్లేశ్ ట్రాకు మీదికి వెళ్లాడు. నేను పసుపు జెండా ఊపుతూనే ఉన్నాను. ముందున్న అభినవ్ వేగం తగ్గించాడు. ఇదే సందని శ్రీకర్ వెనక నుంచి గుద్దాడు. అభినవ్ కార్ట్ జారిపోయి మల్లేశ్ మోకాలికి తగిలింది.

రేసు ఆపేశాం. ఇద్దరు వీరులూ హెల్మెట్లు కూడా తీయకుండా కాలర్లు పట్టుకున్నారు. మల్లేశ్ కింద పడి మూలుగుతుంటే ఒక్కడూ అటు చూడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

తర్వాత ఆఫీసులో విచారణ. "రేసింగ్ ఇన్సిడెంట్ అని రాసెయ్," అన్నాడు నిర్వాహకుడు. ఎవరి తప్పూ లేదని చెప్పడానికి మావాళ్లు వాడే మాట అది.

"శ్రీకర్ బ్రేక్ కొడితే టైరు గీతలు పడాలె గద సార్. ఒక్క గీత లేదు," అన్నాను.

ఈలోగా అభినవే అందుకున్నాడు. "వదిలెయ్యండి అంకుల్. నెక్స్ట్ రేసులో వాడి సంగతి నేనే చూసుకుంటా."

అంటే మళ్లీ మా కాళ్ల మీదే.

మూలన కుర్చీలో మోకాలికి ఐసు పెట్టుకున్న మల్లేశ్ మెల్లగా అన్నాడు: "అన్నా, నన్ను ఎవ్వలూ అడగరా?"

ప్రమాదం వివరాలు రాసే ఫారం చూశాను. డ్రైవరుకు ఒక గడి, కార్ట్‌కు ఒకటి, ట్రాకు అంచున పేర్చిన టైర్ల గోడకు ఒకటి. మార్షల్‌కు లేదు. ఫారంలో రాయని దెబ్బకు బీమా వైద్యం అందదు. టైర్ల గోడకు జరిగిన నష్టం అన్న గడిలో, "మల్లేశ్, ఎడమ మోకాలు. శ్రీకర్ బ్రేక్ వేయకుండా గుద్దాడు" అని రాసి, సంతకానికి శ్రీకర్ ముందు పెట్టాను.

"గిదేందన్నా, మనిషిని గోడ కాడ రాసినవ్?" అన్నాడు శ్రీకర్.

"గుద్దినప్పుడు నీకు మనిషని కనబడలె గద."

తలొంచుకుని సంతకం పెట్టాడు. ఆ సీజనంతా అతన్ని ట్రాకు ఎక్కనివ్వలేదు. మల్లేశ్‌కు ఆపరేషన్ అయింది. ఇప్పటికీ మోకాలు పూర్తిగా మడవలేడు.

కోపం మీదున్నవాడికి పసుపు రంగు కనబడదని ఆ రోజు నేర్చుకున్నాను. ఇప్పుడు ఎర్రజెండా చూపి, అన్ని కార్ట్‌లూ ఆగాకే నా మనుషుల్ని ట్రాకు మీదికి పంపుతాను. రేసు పాడు చేస్తున్నానని డ్రైవర్లు అరుస్తారు. అరవనీ.