సున్నానికి ఎర్రబడని పసుపు

మా మేనత్తను మీరు చంపారు.

అవును, మిమ్మల్నే అంటున్నాను. చదివేది ఆపి పక్కన పెట్టకండి. పోయిన నెల ఆమెను కోరుట్ల నుంచి తెచ్చి జగిత్యాల ఆస్పత్రిలో చేర్పిస్తే, తెల్లవారి మధ్యాహ్నానికి పోయింది. కాగితం మీద జ్వరం అని రాశారు. జ్వరం నిజమే. కానీ జ్వరంతో పడి ఉన్న మనిషికి గుక్కెడు నీళ్లు పోయడానికి ఒక వీధి మొత్తం భయపడితే, ఆ భయాన్ని రాయడానికి ఆ కాగితంలో చోటు లేదు. ఆ వీధి మాది కాదు కదా అంటారు మీరు. మీ వీధిలో ఒంటరి ఆడమనిషి వాకిట్లో నిమ్మకాయ చెక్క కనబడ్డప్పుడు మీరు ఏ పక్క నుంచి నడిచారో ఒకసారి గుర్తు చేసుకోండి. తర్వాత మాట్లాడదాం.

అత్త సిరిసిల్ల బిడ్డ. మా నాన్నకు చెల్లెలు. సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు మధ్య పెరిగిన మనిషి కాబట్టి పక్కన కూర్చున్నవాళ్లతో కూడా కేకేసినట్టే మాట్లాడేది. కోరుట్లకు కోడలుగా పోయింది. మామ మస్కట్‌లో చాలా ఏళ్లు మేస్త్రీ పని చేసి, ఇల్లు కట్టి, ఆ ఇంట్లో నిండుగా నాలుగు వానాకాలాలు ఉండకుండానే పోయాడు. పిల్లల్లేరు. ఇంటి వెనక కాస్త జాగా, అందులో కూరమళ్లు, గోడ పక్కన ఇటుకలు పేర్చి చేసిన ఎరువు మడి. అదే ఆమె సంసారం.

ఆ మడిలో ఏం వేసేదని! కూరగాయల తొక్కలు, పేడ, మేడిపల్లి వైపు తెలిసిన రైతు పసుపు తవ్వాక పడేసిపోయే ఎండాకు. వీటికి తోడు, సిరిసిల్లకు వచ్చినప్పుడల్లా మా మరమగ్గాల షెడ్డు ఊడ్చి సంచి నిండా నూలు తుక్కు ఎత్తుకుపోయేది. "అందరు తల్లిగారింటికెళ్లి బంగారం తెచ్చుకుంటరు, నేను చెత్త తెచ్చుకుంట. నన్నెవ్వడు దోసుకపోడు" అని బస్సులో అందరూ వినేట్టు నవ్వేది.

గంజి పట్టిన నూలు కదా, తడి తగిలితే చాలు, బూజు పండగ చేసుకునేది. వానాకాలంలో ఆ మడి చూడాల్సిందే. తెల్లటి నూగు, బూడిదరంగు వెంట్రుకలు, నారింజ రంగు చిన్న గిన్నెలు, పొద్దున విప్పారి మధ్యాహ్నానికల్లా నల్లటి సిరాలా కారిపోయే గొడుగులు. అత్త వీటన్నిటినీ చుట్టాలు అనేది. నేను వెళ్లిన రోజున చాయ్ కంటే ముందు అదే.

"అల్లుడా, ఇయ్యాల కొత్త సుట్టం అచ్చిండు. సూద్దువు రా."

"ఏందత్తా ఇది?"

"తెల్వదు."

"తెలుసుకోవా?"

"తెలిస్తె తెలుస్తది, లేకుంటె లేదు. తెల్వదంటె నోరేమన్న అరుగుతదా?"

ఆ చుట్టాలను వండేది కాదు, ముట్టనిచ్చేది కాదు. ఎరువు తిరగేసేటప్పుడు కొంగు ముక్కుకు కట్టుకునేది. "సుట్టమైతె సంకల పెట్టుకుంటమా?" అనేది. కానీ దేన్నీ తొక్కేది కాదు. "ఉండేది రెండు పూటలు. గంతదానికి తొక్కుడెందుకు?" నేను ముప్పై ఏళ్లుగా సభలూ చర్చలూ తిరుగుతున్నాను. తెలియదు అని అంత తేలిగ్గా అన్న మనిషిని ఇంకొకరిని చూడలేదు.

ఆ ఎరువుతో పండిన పుంటికూరను, అదే గోంగూరను, కట్టలు కట్టి గోడ మీద పెట్టి, "ఓ బిడ్డా!" అని అరిచేది. అవతల ఆటో నడిపే అతని ఇల్లు. అతని భార్య వచ్చి కట్ట తీసుకునేది. వాళ్లకు ఇంకా బడిలో వెయ్యని పాప ఒకతి. అత్త చేతి కూర తినే ఆ పిల్లకు పళ్లు వచ్చాయి.

ఈ వానాకాలం పచ్చటి చుట్టం ఒకటి వచ్చింది. అరచేయంత ముద్ద, తడిపిన పసుపులా మెత్తగా, నురగగా ఉంది. నిన్న మడి నడుమ ఉన్నది ఇవాళ ఇటుక మీదికి, ఎల్లుండికి గోడ మీదికి పాకింది. ఆ గోడ దిగి అవతలి ఇంటి బట్టలుతికే బండ పక్కన తేలింది. సరిగ్గా ఆ వారమే పాపకు జ్వరం పట్టుకుంది.

కోరుట్ల పసుపు ఊరు. ఇంటింటికీ పసుపు తెలుసు. పండించడం తెలుసు, ఉడకబెట్టడం తెలుసు, భయపడటం కూడా తెలుసు. పాప తల్లిదండ్రులు ఆస్పత్రికి పోకముందు దేవుడు చెప్పే మనిషి దగ్గరికి పోయారు. ఆయన కళ్లు మూసుకుని, "మీ గోడకు పచ్చగ ఏమన్న ఉన్నదా?" అన్నాడట. గోడ మీది ముద్ద సంగతి అప్పటికే ఊరంతా పాకింది, ఇక ఆయనకు కష్టమేముంది!

అత్త ఫోన్ చేస్తే జగిత్యాల నుంచి నేను వెళ్లేసరికి గేటు ముందు జనం.

"పెద్దమ్మా, గా పసుపు నువ్వే పెట్టినవా?" పాప తల్లి ఏడుస్తూ అడుగుతోంది.

"నేనెందుకు పెడుత బిడ్డా? మొలిసింది."

"గోడకు పసుపు మొలుస్తదా?"

వెనక నుంచి ఎవడో, "గోడకే పండితె మేం పొలాలెందుకు దున్నుడు? గోడలే కట్టుకుందుము!" అన్నాడు. నలుగురు నవ్వారు. ఆ నవ్వుకే నాకు ఎక్కువ భయం వేసింది.

అత్త లోపలికి పోయి వక్కాకు డబ్బీలోంచి సున్నం తెచ్చింది. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుందని అక్కడ చంటిపిల్లకూ తెలుసు. దిష్టి తీసే ఎర్రనీళ్లు అలాగే కదా కలిపేది.

"సూడుండ్రి. పసుపైతె ఎర్రగైతది. మీ కండ్ల ముంగటనే."

వేలితో సున్నం తీసి ముద్ద మీద రాసింది. అందరూ వంగి చూశారు. పచ్చగానే ఉంది. కాసేపు చూశారు. పచ్చగానే ఉంది. అయిపోయింది, గెలిచాం అనుకున్నాను నేను.

"సున్నానికి సుత ఎర్రగ కాలేదంటె" అంది ఒక ముసలామె మెల్లగా, "గది ఎంత గట్టి మంత్రమో!"

చూశారా? ఎర్రబడితే పసుపు పెట్టింది అనేవారు. ఎర్రబడలేదు కాబట్టి మంత్రం పెట్టింది అన్నారు. ఏ వైపు తిప్పినా ఆమె మీదే పడే పరీక్షను ఆమె చేతులతోనే చేయించారు. నేను ముందుకెళ్లి, ఇది బూజు జాతికి దగ్గరగా ఉండే జీవి, కుళ్లిన తడి చోట పుడుతుంది, తనంత తానే పాకుతుంది అని చెప్పాను.

"నడుస్తదని ఆయననే చెప్పవట్టె!" అన్నారు.

"మరి గదేందో నువ్వు చెప్పు పెద్దమ్మా" అన్నాడు ఆటో అతను చివరికి. గొంతులో బతిమాలాట ఉంది. ఏదో ఒక పేరు చెబితే వదిలేసేట్టే ఉన్నాడు. అత్త ఒక్క అబద్ధం ఆడి ఉంటే సరిపోయేది.

"తెల్వదు కొడుకా" అంది.

ఆ మాటనే ఒప్పుకోలుగా తీసుకున్నారు.

పాపను జగిత్యాలకు తీసుకుపోతే డెంగీ అని తేలింది. సెలైన్ పెట్టారు, లేచి కూర్చుంది. అదే సమయానికి ఇక్కడ కిరోసిన్ పోసి మడిని తగలబెట్టారు. తడి ఎరువు ఎక్కడ మండుతుంది? రోజుల తరబడి పొగ కక్కింది. పాపను బతికించిన పేరు ఆ పొగకు దక్కింది. ఎవరూ దాటకూడదని గేటు ముందు ఈ కొస నుంచి ఆ కొసకు సున్నంతో గీత పోశారు.

తర్వాత కూడా అత్త గోడ మీద కట్ట పెట్టింది. ఎవరూ తీయలేదు. వాడిపోయిన కట్టను తెచ్చి బూడిదలో వేసి, "మనిషి తినకుంటె మట్టి తింటది తియ్" అంది నాతో. ఆ ఒక్కరోజే ఆమె గొంతు తగ్గడం విన్నాను.

ఆ వీధి దోమలకు సున్నం గీత తెలియదు కదా. అత్తకూ జ్వరం వచ్చింది. ఫోన్‌లో "మంచిగనే ఉన్న" అంది. ఎత్తడం మానేసిన రోజున పరుగెత్తాను. గేటు దాకా పాక్కుంటూ వచ్చి ఆటోను పిలిచిందట. అతను బండి తీసి వెళ్లిపోయాడు. దినాల నాడు గీతకు అవతలే నిలబడి నాతో అన్నాడు: "అన్నా, మా పోరి అప్పుడప్పుడే లేసింది. భయమైంది." అతన్ని కొట్టాలనిపించింది. అతని భయం నటన కాకపోవడమే నాకు ఇంకా ఎక్కువ మండించింది.

ఓదార్పులు చాలు. నాకు కావలసినవి ఇవి. దండం పెట్టి అడగడం లేదు.

గేటు ముందు సున్నం గీతను పోసినవాళ్లే కడగాలి.

జ్వరం వచ్చిన పిల్లను ముందు ఆస్పత్రికి తీసుకుపోవాలి. దేవుడు చెప్పే మనిషి ఆగుతాడు, జ్వరం ఆగదు.

మంత్రాలు చేసిందని మనిషిని వెలివేస్తే కేసు పెట్టాలి. రాజీ కుదర్చడానికి పెద్దమనుషులు రావద్దు.

వానాకాలంలో ఒక్క పూటైనా బడిపిల్లలను ఎరువు కుప్ప దగ్గరికి తీసుకుపోయి, అక్కడ మొలిచినవి చూపించాలి.

ఒంటరి మనిషి తలుపు తెరుచుకోకపోతే తట్టాలి.

అత్త మడిని ఎవరూ ముట్టవద్దు. మొన్నటి వానకు కాలిన ఇటుకల సందున పచ్చటి చుట్టం మళ్లీ వచ్చింది. గోడ ఎక్కుతోంది. అవతల పాప మునివేళ్ల మీద నిలబడి "గదేందమ్మా?" అని అడుగుతోంది. తెల్వదు అని చెప్పండి. చెప్పి, పిల్లను ఎత్తుకుని చూపించండి.