కాలమైంది

ఉర్దూలో చదివి, ఏళ్ల తరబడి ఉర్దూలోనే పాఠాలు చెప్పిన సిద్దిరాములు సారుకు, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రెండో ఏటనే తన ఐదో తరగతి చేజారింది. జమ్మికుంట బడిలో దానిని రేపల్లె నుంచి వచ్చిన వెంకటప్పయ్యకు అప్పగించి, ఈయనకు ఒకటో తరగతి మిగిల్చారు. తల్లి ఒడిలోనే తెలుగు వచ్చినా, రాయబోతే ఒత్తులు తప్పేవి. ఆ నిర్ణయం అన్యాయమైతే తిట్టుకునేవాడే. న్యాయమైనందువల్లనే అది లోపల ముల్లై కదిలింది.

ఆ ముల్లు ఇంట్లోకీ వచ్చింది. ఐదులో చదివే కూతురు బాలలక్ష్మి ఒకనాడు, "నాన్నగారూ, భోజనానికి రండి" అన్నది.

"నాన్నెవడే? నేను నీకు బాపును గానా?"

"మా సారు గట్లనే అనాలన్నడు. గౌరవమట."

భార్య కమలవ్వ రొట్టె తిప్పుతూ నవ్వింది. "ఇన్నేండ్లు నీకు లేని గౌరవం గాయిన తెచ్చిండు. కుళ్లుకోకు, తిను."

పత్తి ఏరే రోజులు. రెండు తరగతుల నడుమ తడికే అడ్డం. చాలా రోజులు రాని నర్మదను వెంకటప్పయ్య కారణమడగడం సిద్దిరాములుకు వినిపించింది.

"మా బాపుకు గీయేడు కాలమైంది సార్. ఇంటికాడ శాన పనుండె."

వానలు కురిసి పంట చేతికొస్తే ఆ ప్రాంతంలో కాలమైందంటారు. వెంకటప్పయ్యకది చావు కబురుగా తోచింది. "అయ్యో తల్లీ!" అంటూ తరగతినంతా లేపి మౌనంగా నిలబెట్టాడు.

సిద్దిరాములు ఒక్క మాట చెబితే సరిపోయేది. "కానీ, జర నవ్వనీ లోకం" అనుకుని ఊరుకున్నాడు.

అంతలో నర్మద తండ్రి అంతయ్య పత్తిబండి దిగి గుమ్మంలోకి వచ్చాడు. "నర్మదా, తాళంచెవి యాడ వెట్టినవ్ బిడ్డా?"

"ఈయనెవరు?"

"మా బాపే సార్!"

తరగతి గొల్లుమన్నది. "కాలమైందంటే సచ్చిపోయిండని కాదు సార్, పంట మంచిగైందని!" అని బాలలక్ష్మి అరిచింది. వెంకటప్పయ్య ముఖం పాలిపోయింది. మరుక్షణం అందరికంటే గట్టిగా తానే నవ్వి, ఆ మాటను నల్లబల్ల మీద రాశాడు. "మా వైపు లేదర్రా ఇంత చక్కటి మాట. మీ ఇళ్లల్లో అడిగి ఇలాంటివి ఇంకా తీసుకురండి."

తడిక ఇవతల నవ్వు ఆరిపోయింది. పుట్టిననాటి నుంచి ఎరిగిన మాటను సిద్దిరాములు ఏనాడూ బల్లకెక్కించలేదు. పైగా నిజాం కాలంలో తండ్రిని ఉర్దూలో వాలిద్ సాబ్ అనక బాపు అన్న పిల్లలను కొట్టాడు. ఉత్తర్వు సర్కారుది; బెత్తం మాత్రం ఆయనదే.

సాయంత్రం కూతురు పరుగున వచ్చింది. "బాపూ! మన మాటలు ఇంకేమున్నయో చెప్పవా? సారుకు కావాలె."

బాపు అన్నది. దానికోసమే అలమటించాడు. తీరా అది కూడా వెంకటప్పయ్య ఇప్పిస్తేనే దక్కింది.

"నాకేం తెల్వది, పో!"

కమలవ్వ పిల్లను పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని ఒక్కొక్క మాటే చెప్పసాగింది. నడుమ ఒకటి గుర్తురాక ఆగి, మగని వైపు చూసింది. అది ఆయన నాలుక చివరనే ఉంది. మింగేశాడు.