ఛాసిస్‌లో మిగిల్చిన ఇసుక

సముద్రపు ఒడ్డున ఇసుకలో తిరిగొచ్చిన బండిని ఎవరైనా కడుగుతారు. పైపైన మెరిపించి పంపేస్తారు. బండ్లు కడిగే షెడ్డు నడిపే పైపు బాబాయ్ ఆ బాపతు కాదు. బండిని ర్యాంపు ఎక్కించి, తను కిందికి దూరి, అడుగున బోలుగా ఉండే ఇనుప ఛాసిస్ రంధ్రాల్లో పైపు పెట్టి, దాక్కున్న ఇసుకంతా కక్కించేవాడు. చివర్లో కారే చుక్కను వేలితో అందుకుని నాలుక మీద వేసుకునేవాడు. "ఇంకా ఉప్పగానే ఉంది" అన్నాడా, మళ్లీ నీళ్లు పట్టాల్సిందే. "చప్పబడింది" అంటే ఇక తీసుకెళ్లొచ్చు. చూసినవాళ్లు ముక్కున వేలేసుకునేవాళ్లు గానీ, ఆ మాటకు ఎదురు చెప్పినవాడు లేడు.

పనిలో అంత పేరున్న మనిషికి ఇంట్లో పలకరించే దిక్కు లేదు. భార్య పోయి మూడేళ్లు. పిల్లల్లేరు. షెడ్డు వెనకే ఒక గది. కుక్కర్ విజిల్ వేస్తే "వస్తున్నానే!" అని కేకేసి, వెంటనే నాలుక కరుచుకునేవాడు. పగలంతా పంపు హోరు. వచ్చినవాళ్లు తాళాలు పడేసి ఫోన్లలో తలదూర్చేవాళ్లు. ఎదురుగా ఒక మనిషి ఉన్నాడన్న ధ్యాసే ఉండేది కాదు, పాపం.

ఒక్క నర్సమ్మే వేరు. రిటైరైనా ఊరుకునే రకం కాదు. నెలకో ఆదివారం పాత జీపు వేసుకుని, ఒడ్డు వెంబడి ఇసుకలో పడి వెళ్లి, రోడ్డు లేని గుడిసెల్లో ముసలివాళ్ల పుళ్లకు కట్లు కట్టి వచ్చేది. అలల్లో తడిసిన జీపును తిన్నగా షెడ్డుకే తెచ్చేది. "ఏం తిన్నావు తమ్ముడూ? నడుం నొప్పి ఎలా ఉంది?" అని మొదలుపెడితే గంటసేపు కబుర్లే. ఆ గంట కోసం ఆయన నెలంతా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసేవాడు.

నెలంటే మాటలా? అక్కడే ఆయన బుద్ధి గడ్డి తిన్నది.

ఒక ఆదివారం ఛాసిస్ ఎడమవైపు లోపల కడగకుండా వదిలేశాడు. చుక్క నాలుక మీద వేసుకున్నాడు. ఉప్పగా ఉంది. "చప్పబడింది అక్కా" అన్నాడు. వారం తిరిగేసరికి ఆమె రానే వచ్చింది.

"ఇంటిముందు ఇసుక రాలుతోంది తమ్ముడూ, తుప్పు నీళ్లు కూడా."

"సముద్రపు ఇసుక కదక్కా, ఓ పట్టాన వదలదు. కూర్చో, కడిగేస్తా."

కడిగాడు, మళ్లీ కాస్త మిగిల్చాడు. ఇలా రెండేళ్లు, వారం వారం! చెబుతుంటే నాకే ఒళ్లు మండుతోంది. ఉప్పు ఇనుమును ఏం చేస్తుందో ఆయనకు తెలియదా? తెలిసే చేశాడు. ఈ ఒక్కసారికేలే అనుకుంటూ చేశాడు. ఆ గంట పోతే ఆయనకు వారమంతా మనిషి గొంతే లేదు మరి.

మొన్న ఆదివారం ఆమె నడిచి వచ్చింది. ఆయన పైప్రాణాలు పైనే పోయాయి.

"జీపేదక్కా?"

"మెకానిక్ దగ్గర. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఛాసిస్‌లోకి దిగబడిపోయింది. ఇక పాత ఇనుముకే. నువ్వు కడిగినా ఆగలేదంటే ఎవరి వల్లవుతుందిలే! ఆ గుడిసెల్లో వాళ్లకేం చెప్పాలో తోచట్లేదు." స్టూలు లాక్కుని కూర్చుంది. "నువ్వేం దిగులు పడకు. బండి లేకపోతేనేం, ఆదివారాలు వస్తుంటాను. ఇంట్లో నాకూ పొద్దుపోదు."

నోరు మూసుకుంటే సరిపోయేది. కోరుకున్నది ఒళ్లోకి వచ్చి పడింది కదా! కానీ ఆమె ముఖం చూస్తూ నిజాన్ని మింగలేకపోయాడు.

"అక్కా, లోపల నేను కడగలేదు. కావాలనే. నువ్వు మళ్లీ రావాలని."

ఆమె మెల్లగా లేచింది.

"ఇన్నాళ్లూ నేను బండి కోసమే వచ్చాననుకున్నావా?" అంది.

రోడ్డు దాటి వెళ్లిపోయింది.